పదకొండు డిగ్రీల అలక

ముందు నూనెచుక్క చెవి గురించి చెప్పుకోవాలి. మిగతా మనిషి సంగతి తీరిగ్గా చూడొచ్చు. మూడు వీధుల అవతల ఎవరింట్లోనైనా కుట్టుమిషను కుట్టు తప్పితే చాలు, అతను తాగుతున్న టీ గ్లాసు కిందపెట్టి, "లోపల దారం పీలిక ఇరుక్కుంది. రేపు పట్టుకొస్తారు చూడండి" అనేవాడు. మర్నాడు పట్టుకొచ్చేవారు. మూడు కాదు, ఐదు వీధులని అతనంటాడు. గాలి అనుకూలంగా ఉంటే ఏడు అని కూడా అంటాడు. మూడింటికి మాత్రం సాక్షులున్నారు.

అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉంది. ఎన్నికల రోజున తప్ప దానితో ఎవరికీ పనిపడదు. కొంగముక్కులాంటి మూతి ఉన్న చిన్న నూనెడబ్బా చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతాడు కాబట్టి నూనెచుక్క. ఏది కిర్రుమన్నా ఒక చుక్క వేస్తాడు. తలుపు బందులకి వేశాడు, గొడుగులకి వేశాడు, ఒకసారి పక్కకొట్టాయన కళ్ళజోడుకీ వేశాడు. పాపం ఆయన రెండ్రోజులు లోకమంతా మసగ్గా చూశాడు. "మా తమ్ముడి ఎదురుగా ఆవలించకండి, దవడకి నూనె వేస్తాడు" అని అక్క వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉండేది.

కొట్టు ఒకటే, సంసారాలు రెండు. ముందుగదిలో అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. వెనకగదిలో తమ్ముడు మిషన్లు బాగుచేస్తాడు. చదువు తొమ్మిదో తరగతిలో సగం. ఎందుకు మానేశావని అడిగితే, "బడి తలుపు కిర్రుమంటుంటే నూనె వేద్దామని బయటికొచ్చాను. లోపలికెళ్ళడం మరిచిపోయాను" అంటాడు. నిజానికి జరిగింది వేరు. ఒకరోజు మేష్టారు బోర్డు మీద యంత్రం బొమ్మ గీసి, అందులో ఒక భాగం చూపించి పేరు చెప్పమన్నారు. అది ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో, ఎప్పుడు మొరాయిస్తుందో అన్నీ చెప్పాడు. పేరు మాత్రం రాలేదు. "ఇది చక్రం చెవి నులిమేది సార్" అన్నాడు. తరగతి గది గొల్లుమంది. ఆ నవ్వు ముప్ఫై అయిదేళ్ళుగా అతని చెవిలోనే ఉంది. అంత చెవి ఉండటంలో నష్టం అదే మరి, మంచిచెడూ చూడకుండా అన్నీ దాచిపెడుతుంది.

అప్పట్నుంచి యంత్రాల జబ్బులకి అతనే పేర్లు పెట్టుకున్నాడు. ఆ పేర్లు కొట్టు గడప దాటకుండా చూసుకున్నాడు.

ఆ ఏడాది అక్క కూతురు తొమ్మిదిలోకి వచ్చింది. ఒక సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్ళనీ ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టెనీ వెంటేసుకుని కొట్లోకి దిగింది. ఒకరు పొడుగుపిల్ల, ప్రోగ్రాం రాసేది. ఇంకొకరు కళ్ళజోడు, నోట్‌బుక్ రాసేది. పెట్టెనిండా రంగురంగుల బొమ్మ ఇటుకలు, పళ్ళచక్రాలు, మోటార్లు.

"అమ్మా, బళ్ళో నాలుగింటికే తాళం వేసేస్తున్నారు. నీ కత్తిరింపు బల్ల మాకు కావాలి."

"నా బల్ల మీద ఇటుకలా? ఇల్లు కడతారా ఏంటే?"

"ఇల్లు కాదు, రోబో. బళ్ళ మధ్య పోటీ ఉంది. రెండున్నర నిమిషాల్లో ఈ చివరి దిమ్మలు మూడూ ఎత్తి, ఆ చివరి పీట మీద పెట్టాలి. అదే పెట్టాలి, మనం కాదు."

అసలు సంగతి తర్వాత చెప్పింది. పెట్టె పోటీవాళ్ళు ఏడాదికి వాడుకోమని ఇచ్చింది. ఇరవైనాలుగు జట్లలో మొదటి ఎనిమిదిట్లో ఉంటే పెట్టె బడికే ఉండిపోతుంది. లేకపోతే వెనక్కి పోతుంది. పెట్టెతోబాటు ఈ ముగ్గురి సాయంత్రాలూ పోతాయి.

"ఇంకోటి మావయ్యా," అంది మేనకోడలు, వెనకగది గుమ్మంలో నిలబడి చెయ్యి చాచబోతున్న నూనెచుక్కని చూసి. "పెద్దవాళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే జట్టుని తీసేస్తారు."

"నేనా? నేనెందుకు ముట్టుకుంటానే? నాకేం పనీపాటా లేదా?" అంటూ రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. చెయ్యి తిరిగిన మనిషికి ఆ చెయ్యి కట్టేసుకోవడమంటే ఏమిటో ఆ నెలంతా తెలిసొచ్చింది.

రోబో టిఫిన్ డబ్బా అంత ఉండేది. ముందు ఒక పొడుగు చెయ్యి. దిమ్మని చక్కగా ఎత్తేది, పరిగెత్తుకెళ్ళేది, తీరా పీట మీద పెట్టేటప్పుడు వేలెడెత్తులో ఆగిపోయి గాల్లోంచి వదిలేసేది. దిమ్మ దొర్లిపోయేది. వారం రోజులు పొడుగుపిల్ల ప్రోగ్రాం మార్చి మార్చి విసిగిపోయింది.

"తొంభై డిగ్రీలు దిగమంటే తొంభై దిగాలి కదా? దీనికి లెక్కలు రావు!"

"దానికి కాదు, నీకు రావు," అంది కళ్ళజోడు.

"దానికి లెక్కలొచ్చు," అని వెనకగదిలోంచి వినిపించింది. "అలిగింది."

ముగ్గురూ తలలు తిప్పారు. నూనెచుక్క చంకల్లో చేతులతోనే వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"మళ్ళీ ఎత్తి దించండి. ఇదుగో, ఇప్పుడు! టిక్కుమంది, విన్నారా?"

ఎవరికీ ఏమీ వినపడలేదు. ఆ మాట పైకనే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.

"చూడమ్మడూ. ఇంతసేపూ పైకి తిప్పారు, చక్రాల పళ్ళు ఒకవైపు ఆనుకుని ఉన్నాయి. ఉన్నట్టుండి కిందికి రమ్మన్నారు. చిన్నచక్రం వెంటనే తిరుగుతుంది. పెద్దచక్రం తిరగదు. పన్నుకీ పన్నుకీ మధ్య సందుంది కదా, ఆ సందు దాటి అవతలి పన్ను తగిలేదాకా మూతి ముడుచుకుని కూర్చుంటుంది. మీరేమో మొదట్నుంచీ లెక్కేసుకుంటున్నారు. ఆ కూర్చున్న కాసేపే అలక."

"మరి ఏం చెయ్యాలి మావయ్యా?"

"అలిగినవాళ్ళని ఏం చేస్తాం? బతిమాలతాం. ముందు ఆ కాస్త సందూ తిప్పండి. పన్ను పన్నుకి ఆనిందాకా ఆగండి. అప్పుడు లెక్క మొదలెట్టండి."

పిల్లలు అక్క దగ్గరున్న సుద్దముక్క తీసుకుని పెద్దచక్రం మీద గీత పెట్టారు. మోటారుని ఒక్కొక్క డిగ్రీ తిప్పుతూ గీత ఎప్పుడు కదులుతుందా అని ముగ్గురూ ముక్కులు బల్లకి ఆనించి చూశారు. పదకొండు. పొడుగుపిల్ల ప్రోగ్రాంలో 'బతిమాలు' అని ఒక కొత్త మెట్టు పెట్టింది. దిమ్మ పీట మీద పిల్లి అడుగేసినట్టు దిగింది. కళ్ళజోడు నోట్‌బుక్‌లో, 'అలక: పదకొండు డిగ్రీలు' అని రాసుకుంది.

"మీ నాన్న అలక ఎన్ని డిగ్రీలో అది కూడా కొలిచిపెట్టవే, పుణ్యముంటుంది," అంది అక్క, నోట్లో గుండుసూదులతోనే.

ఆ తర్వాత నోట్‌బుక్‌లో ఒక పేజీయే పెరిగింది. పైన 'మా మాటలు' అని శీర్షిక. ఆగి ఆగి నడిస్తే ఎక్కిళ్ళు. మోటార్లన్నీ ఒక్కసారే లేచి బ్యాటరీ తట్టుకోలేకపోతే పొలమారడం. మధ్యమధ్యలో నూనెచుక్క కోతలు ఊరికే వచ్చేవి. "ఒక మిషను నెల్లాళ్ళు అలిగిందమ్మా. ఎవరు బతిమాలినా కుట్టలేదు. చివరికి నేనే దాని ముందు కూర్చుని నా కష్టాలన్నీ చెప్పుకున్నాను. వెక్కి వెక్కి ఏడుస్తూ కుట్టింది. ఆ చొక్కాలు ఇప్పటికీ ఆరలేదు, కావాలంటే వెళ్ళి పిండి చూడండి."

పోటీకి పదిరోజులుందనగా సైన్సు టీచరు పని చూడ్డానికి వచ్చింది. పెట్టె కోసం ఎన్ని ఉత్తరాలు రాసిందో, ఎన్ని మెట్లెక్కిందో ఆవిడకే తెలుసు. నోట్‌బుక్ తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగింది.

"ఇదేంటమ్మా? అలక, ఎక్కిళ్ళు... జడ్జీలంతా పెద్ద పెద్ద ఇంజనీర్లు. ఈ పుస్తకానికీ మార్కులుంటాయి. నవ్వితే పెట్టె పోతుందర్రా. పాఠంలో ఉన్న మాటలు రాయండి."

వెనకగదిలో మిషను కడుపులో తలపెట్టి ఉన్న నూనెచుక్కకి ఆ మాట వినిపించింది. వినిపించకుండా ఉండే చెవా అది! పాత నవ్వు మళ్ళీ మోగింది. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"టీచరుగారు చెప్పింది నిజమే. కొట్టెయ్యండమ్మా. నా మాటలు ఈ కొట్టుదాకే. గడప దాటితే చెల్లవు. మీ పెట్టె నా నోటివల్ల పోతే నేను తట్టుకోలేను."

మేనకోడలు పుస్తకం మూసి గుండెలకి పెట్టుకుంది. "పెన్సిల్‌తో రాయలేదు మావయ్యా. పెన్నుతో రాశాం."

టీచరు ఇద్దర్నీ చూసి, "ఆలోచించుకోండి" అని మాత్రం అని వెళ్ళిపోయింది. నూనెచుక్కకి మాత్రం ఆలోచన ఆగలేదు. ఎనిమిదిలోపు రాకపోతే ఆ పాపం తనదేనని మనసులో రాసిపెట్టేసుకున్నాడు.

ఆ పాపం చాలదన్నట్టు ఇంకో పని చేశాడు.

ఆదివారం పోటీ. గురువారం సాయంత్రం పిల్లలు ఎదురుకొట్లో నోట్‌బుక్ జిరాక్స్ తీయించడానికి వెళ్ళారు. రోబో చేతిని వందసార్లు ఎత్తిదించే పరీక్షకి పెట్టి వెళ్ళారు. ఎత్తుతోంది, దించుతోంది. ఎత్తినప్పుడల్లా కిర్రు. దించినప్పుడల్లా కిర్రు. నూనెచుక్క చెవులు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. కుడిచెయ్యి చంకలోంచి ఎప్పుడు బయటికొచ్చిందో, జేబులోంచి డబ్బా ఎప్పుడు తీసిందో ఇప్పటికీ తనకి తెలియదంటాడు. కిర్రు ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో!

శుక్రవారం పొద్దున్నే బడికి ముందు పరీక్షించడానికి వచ్చారు. చెయ్యి సగం లేచి ఊడి కిందపడింది. తర్వాత చక్రం. మేనకోడలు పట్టుకోబోతే రోబో మొత్తం తడిసబ్బులా వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది. ఈ ఇటుకలకి మేకుల్లేవు, జిగురు లేదు. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండటమే వాటి ప్రాణం. ఆ పట్టు మీదే నూనె పడింది.

కళ్ళజోడు వేళ్ళు వాసన చూసుకుంది. "మిషన్నూనె."

అందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. నూనెచుక్క మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"ఆరు చుక్కలు," అన్నాడు. మూడు వీధుల్ని ఏడు చేసిన మనిషి, ఆరుని నాలుగు చేసి ఉండొచ్చు. చెయ్యలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల!" అని అక్క నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, నీకు మందు చెయ్యికా, చెవికా, దేనికి వెయ్యాలిరా?"

మేనకోడలు జారిపడ్డ ముక్కలు ఏరి బల్ల మీద పెట్టింది. పూర్తిగా విప్పేద్దాం, కడిగేద్దాం, మావయ్య చెయ్యి తగిలిన ముక్క ఒక్కటి కూడా మిగలకుండా మన చేతులతో మళ్ళీ కడదాం అని స్నేహితురాళ్ళతో చెప్పింది. ఆ సాయంత్రం బడి నుంచి రాగానే సబ్బునీళ్ళ తొట్టెలో మూడొందల పన్నెండు ముక్కలు తోమారు. కడగడానికి కూడా అతణ్ణి రానివ్వలేదు. "నువ్వు నీళ్ళు తెచ్చిపెట్టు చాలు" అన్నారు. తెచ్చాడు. పద్నాలుగు బకెట్లు. అక్క తెల్లగుడ్డ పరిచి ఆరబెట్టింది.

శనివారం సాయంత్రం చివరి చక్రం ఎక్కించాక, తల ఎత్తకుండానే మేనకోడలు అంది, "మావయ్యా, ఆ ఏడ్చిన మిషను కథ చెప్పు. చొక్కాలు ఆరలేదన్నావే, అది."

నూనెచుక్క ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని మొదలెట్టాడు. కథలో మిషను ఆ రోజు మామూలు కంటే ఎక్కువ ఏడ్చింది.

పోటీ ఒక పెద్ద ఆటల హాల్లో పెట్టారు. ఇరవైనాలుగు బల్లలు, ఎక్కడ చూసినా పిల్లలు, మోటార్ల రొద. పెద్దవాళ్ళకి తాడు అవతల కుర్చీలు వేశారు. ఆట జరిగినంతసేపూ మాటసాయం కూడా చెయ్యకూడదని మైకులో చెప్పారు. రెండు అవకాశాలు, రెండిట్లో మంచిది లెక్క.

మొదటిసారి రోబో దిమ్మని ఎత్తింది, వెళ్ళింది, వేలెడెత్తులో ఆగి వదిలేసింది. దిమ్మ దొర్లింది. మూడూ అంతే. పంతొమ్మిదో స్థానం.

అంత రొదలోనూ నూనెచుక్కకి టిక్కు వినిపించింది. టిక్కు కాదు, టి... క్కు. సాగింది. రోబోని మళ్ళీ కట్టినప్పుడు పళ్ళ మధ్య సందు మారింది. అలక పెరిగింది. పిల్లలేమో పాత పదకొండుతోనే బతిమాలుతున్నారు. తొందరలో మళ్ళీ కొలవడం మరిచిపోయారు.

బల్ల దగ్గర ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని ప్రోగ్రాం వెతుకుతున్నారు. మేనకోడలు తలెత్తి కుర్చీల వైపు చూసింది. నూనెచుక్క నోట్లో నువ్వుగింజ నానదు, మొహంలో అయితే ఆవగింజ కూడా దాగదు. ఒక్క క్షణం మేనకోడలు కళ్ళలోకి చూస్తే చాలు, మొత్తం అతని మొహం మీద చదివేస్తుంది. అలా చదివి గెలిస్తే అది దొంగతనం. ఆరు చుక్కల పాపం చాలదా? చేతులు చంకల్లో దోపుకుని, పెదాలు బిగించి, కుర్చీలోనే అటు తిరిగి గోడకి మొహం పెట్టి కూర్చున్నాడు.

"అదేంటి, మీ మావయ్య అటు తిరిగాడు?" అంది పొడుగుపిల్ల.

"ఏమో. మనం ఓడిపోతున్నామని అలిగినట్టున్నాడు," అంది మేనకోడలు. అని, అక్కడే ఆగిపోయింది. పొడుగుపిల్ల మొహం చూసింది. కళ్ళజోడు మొహం చూసింది.

"అలక!" అన్నారు ముగ్గురూ.

సుద్దముక్క కళ్ళజోడు జేబులోనే ఉంది. గీత పెట్టి కొలిచారు. పంతొమ్మిది. రెండోసారి మూడు దిమ్మలూ పీట ఎక్కాయి. చప్పట్లు వినిపించేదాకా నూనెచుక్క గోడవైపే ఉన్నాడు. ఆ గోడ మీద పెచ్చు ఎక్కడ ఊడిందో ఇప్పటికీ చెప్పగలడు.

మిగిలింది నోట్‌బుక్. ప్రతి జట్టుతో ఒక పెద్దమనిషి లోపలికెళ్ళి మూల కుర్చీలో కూర్చోవచ్చు, నోరు విప్పకూడదు. టీచరు అతని భుజం మీద చెయ్యి వేసింది. "మీరెళ్ళండి."

"నేనా? నేనెందుకండీ?"

"ఆ పేజీ మీది కదా," అంది ఆవిడ.

జడ్జి జుట్టు నెరిసిన ఇంజనీరమ్మ. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగింది. నూనెచుక్క కళ్ళు మూసుకుని నవ్వు కోసం ఎదురుచూశాడు.

"అలక అంటే?"

మేనకోడలు చెప్పింది. సందు, పన్ను, మూతి ముడవడం, బతిమాలడం, పదకొండు పంతొమ్మిది అయిన సంగతి అన్నీ చెప్పింది. నూనె సంగతీ దాచలేదు. గోడకి తిరిగిన సంగతి చెప్పి, "అది సాయం కిందికొస్తే మార్కులు తీసెయ్యండి మేడమ్, ఆయన కావాలని చెప్పింది కాదు" అంది.

జడ్జి నవ్వింది. నూనెచుక్క ముప్ఫై అయిదేళ్ళుగా దాచుకున్న నవ్వు కాదది, వేరే జాతిది. "ముక్కముక్కా కడిగి మీ చేతులతోనే మళ్ళీ కట్టారు కాబట్టి నూనె సంగతి చెల్లు. గోడవైపు తిరక్కూడదని మా నియమాల్లో లేదు," అంది. "నలభై ఏళ్ళుగా నేను దీన్ని బ్యాక్‌లాష్ అంటున్నాను. మా కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకి అర్థమయ్యేలా చెప్పలేక తల ప్రాణం తోకకి వస్తుంది. దీన్ని బతిమాలాలని నాకెవరూ చెప్పలేదే!" ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకుంది. "ఈ మాటలు మా పిల్లలకి చెప్పుకోవచ్చా?" అని అడిగింది. అడిగింది మూల కుర్చీని.

నోరు విప్పకూడదు కదా. నూనెచుక్క తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

ఏడో స్థానం వచ్చింది. పెట్టె బడిదయింది.

మర్నాటికల్లా ఆ కథ వీధిలో పెరిగి పెద్దదైంది. అతని నోట ఇరవైనాలుగు జట్లు నాలుగొందలయ్యాయి. హాలు విమానాలు దిగేంత అయింది. జడ్జి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆవిడ రుమాలు ఇప్పటికీ ఆరలేదు. టీ కొట్టాయన ఉండబట్టలేక, "అయితే మొదటి స్థానం మనదేనన్నమాట" అన్నాడు.

"కాదు," అన్నాడు నూనెచుక్క. "ఏడు."

"అదొక్కటీ ఎందుకు తగ్గించావయ్యా?"

"తగ్గించలేదు. పిల్లలు తెచ్చింది ఏడు. దానికి నా చెయ్యి తగలకూడదు."

ఆ సాయంత్రం మేనకోడలు రోబోని కత్తిరింపు బల్ల మీద పెట్టింది. "పోటీ అయిపోయింది మావయ్యా. ఇప్పుడు ముట్టుకో."

అతను జేబులోంచి నూనెడబ్బా తీసి అక్క చేతికిచ్చాడు. పెరట్లోకి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు, వాసన చూసుకున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. వచ్చి బల్ల ముందు కూర్చుని ఒక్క వేలితో పెద్దచక్రాన్ని ఇటు తిప్పి, అటు తిప్పాడు. ముగ్గురు పిల్లలూ ఊపిరి బిగపట్టి విన్నారు.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను," అంది మేనకోడలు.

ఈసారి నిజంగానే వినిపించింది.